మాట తెగదు

మార్చి 3, సోమవారం

కొత్త పాలసీ ఇవాళ ట్రయల్‌కి ఎక్కింది. మా వైపు లైన్లన్నిటికీ. సాయంత్రం రద్దీ వేళల్లో, మాకు డబ్బు కట్టిన పార్ట్‌నర్ సైట్లు ఒక దారిలో పోతాయి. మిగతా ఇంటర్నెట్ అంతా ఇంకో దారిలో పోతుంది. మొదటి దాని పేరు ఫాస్ట్ లేన్. రెండో దానికి పేరే పెట్టలేదు. ఫైల్లో ‘ఇతరములు’ అని ఉంది, అంతే.

రూల్స్ రాసేది హెడ్డాఫీసు. వాటిని రౌటర్లలోకి ఎక్కించేది మా గది. కిటికీ లేదు, గోడ నిండా గ్రాఫులు, ఎండాకాలంలో కూడా స్వెట్టర్ కావాలి. ఎక్కించాక టెస్ట్ చేస్తాం. టెస్ట్ అంటే పక్క గదికి వీడియో కాల్ చేసి, హలో హలో, వినిపిస్తోందా అనడం. ఆ, వినిపిస్తోంది అంటారు. టిక్ పెడతాం. నేను ఈ ఆఫీసులో చేరినప్పట్నుంచీ అదే టెస్ట్.

ఇతరముల దారిలో బొమ్మ కాస్త తడబడింది గానీ మాట గంట కొట్టినట్టు ఉంది. లైన్ ఇరుకైతే ముందు బొమ్మని కోసెయ్, మాటని కాపాడు. అదీ రూలు. హోర్డింగుల మీద కూడా అదే వేయించారు: మాట తెగదు.

మేనేజర్ అందరికీ టీ తెప్పించాడు. ఆయన టీ తెప్పించాడంటే వాన పడాల్సిందే.

మార్చి 4, మంగళవారం

సాయంత్రం గ్రాఫ్ చూసి నేనే మురిసిపోయాను. ఇన్నాళ్ళూ కోతిలా గెంతేది, ఇవాళ బుద్ధిగా కూర్చుంది.

మార్చి 6, గురువారం

ఆఫీసు నుంచి నేరుగా చెల్లి ఇంటికి వెళ్ళాను.

చెల్లికి పుట్టుకతో వినపడదు. మరిదికీ వినపడదు. అతను ప్రెస్సులో కటింగ్ మెషీన్ మీద పని చేస్తాడు. ఆ ఇంట్లో మాటలన్నీ చేతులతోనే. దెబ్బలాటలు కూడా. నాకు ఆ భాష అమ్మ కన్నా బాగా వచ్చు. అందులో నా పేరు రెండు వేళ్ళతో కనుబొమ్మని పైకి లాగడం. కోపం వస్తే నాకు ఒక్క కనుబొమ్మే లేస్తుందట. చెల్లి పేరు బుగ్గ మీద పుట్టుమచ్చని తట్టడం. అమ్మకి మాత్రం మేం ఎప్పటికీ పెద్దది, చిన్నది.

చిన్నదానికి ఇప్పుడు ఎనిమిదో నెల. బీపీ ఎక్కువగా ఉంటోంది. క్లినిక్ డాక్టర్ సాయంత్రాలు వీడియోలో చూస్తుంది. ఆ కాల్‌లో ఇంకొక మనిషి ఉంటుంది, కిటికీ ఆవిడ. ఫోన్‌లో చిన్న చదరంలో కనపడుతుంది కాబట్టి వినపడని వాళ్ళందరూ ఆవిడకి ఆ పేరు పెట్టారు. డాక్టర్ మాటల్ని చేతులు చేసి చెల్లికి ఇస్తుంది, చెల్లి చేతుల్ని మాటలు చేసి డాక్టర్‌కి ఇస్తుంది. వినపడని వాళ్ళ ఆస్పత్రి, బ్యాంకు, పిల్లల బడి, అన్నీ ఆ చదరంలోంచే.

ఇవాళ ఆవిడ చేతులు ఆగి ఆగి కదిలాయి. చెయ్యి ఛాతీ దగ్గర కనపడుతుంది, మళ్ళీ చూస్తే నుదుటి దగ్గర ఉంటుంది. మధ్యలో ఏం చెప్పిందో దేవుడికెరుక. డాక్టర్ గొంతు మాత్రం నాకు శుభ్రంగా వినపడుతోంది. ఉండబట్టలేక ముందుకు దూరి, డాక్టర్ చెప్పేది నేనే చెప్పబోయాను. చెల్లి నా మణికట్టు పట్టుకుని పక్కకి నెట్టేసింది.

తర్వాత అడిగాను, నేనున్నాను కదే అని. అదే కదా నా బాధ అంది.

నిజానికి ఆ కోపం మూడో నెలది. మొదటిసారి నేనే క్లినిక్‌కి తీసుకెళ్ళాను. నిద్ర పడుతోందా అని డాక్టర్ అడిగింది. బాగా పడుతోంది డాక్టర్ అని నేను చెప్పేశాను, చెల్లి వైపు చూడనైనా చూడకుండా. అలవాటైపోయింది. ఆ రోజు నుంచి నన్ను క్లినిక్ గడప తొక్కనివ్వలేదు. నా ఒంటి సంగతి నేనే నా నోటితో చెప్పుకోవాలి అంది. రెండు చేతులూ నా మొహం ముందు పెట్టి, ఇదీ నా నోరు అంది.

మార్చి 7, శుక్రవారం

పొద్దున్నే వెళ్ళి వెతికాను. కిటికీ ఆవిడ సర్వీస్ ‘ఇతరములు’ కిందే ఉంది. ఎందుకుండదు. రెండు గదుల్లో నలుగురు కూర్చుని నడిపే సంస్థ అది. పార్ట్‌నర్ రుసుము వాళ్ళెక్కడ కడతారు.

మా రూలు చేసే పని ఇప్పుడు నాకు వేరేగా కనపడుతోంది. బొమ్మని కోసి మాటని కాపాడుతుంది. చెల్లికి బొమ్మే మాట. మేం వాళ్ళ నాలుక కోసి, చెవులు పదిలంగా ఉంచుతున్నాం. హలో హలో అని టిక్ పెట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ చెల్లితో కలిసి పెరిగి కూడా.

మేనేజర్‌కి చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు, ఓపిగ్గా విన్నాడు. రోడ్డు మీద అంబులెన్స్‌కి దారి ఇస్తే అన్యాయం అంటామా అమ్మా అన్నాడు. మన ఫాస్ట్ లేన్‌లో పోయేది అంబులెన్సులు కాదు సార్, సినిమాలు అన్నాను. ఆ సినిమాల డబ్బుతోనే కొత్త కేబుల్ వేస్తాం, అప్పుడు మీ చెల్లెలికీ బాగుంటుంది అన్నాడు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. అదే నాకు మంట. సిస్టమ్‌లో ఫిర్యాదు టికెట్ రేజ్ చెయ్యి, పైకి పంపిస్తా అన్నాడు.

మార్చి 10, సోమవారం

పైనుంచి జవాబు వచ్చింది. మినహాయింపులు కుదరవు.

ఎందుకో మేనేజర్ తలుపు వేసి చెప్పాడు. నెట్ న్యూట్రాలిటీ వాళ్ళు టెలికాం కమిషన్‌కి ఫిర్యాదు చేశారు, ఎవరి డేటానైనా ఒకేలా మోయాలి, డబ్బిచ్చిన వాడికి వేరే దారి వేయకూడదు అని. ఇరవై ఏడున బహిరంగ విచారణ. అక్కడ కంపెనీ వాదన ఒక్కటే: ఈ పాలసీ వల్ల ఎవరికీ నష్టం లేదు. ఇప్పుడు ఒక్కరికి మినహాయింపు ఇచ్చినా, నష్టం ఉందని మనమే ఒప్పుకున్నట్టు.

లేచి వస్తుంటే గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు. నీ చెల్లెలి ఇంటి లైన్ ఒక్కదానికి మినహాయింపు నువ్వే పెట్టుకో, నేను చూడలేదు అనుకో. పాము చావకూడదు, కర్ర విరక్కూడదు.

మార్చి 11, మంగళవారం

పెట్టేశాను. ఒక్క లైను కోడ్.

మార్చి 13, గురువారం

చెల్లి కాల్ అద్దంలా ఉంది. నేను వంటింట్లో నిలబడి, తలుపు సందులోంచి చూశాను. కిటికీ ఆవిడ వేలి ఉంగరం కూడా కనపడింది.

చూసి సంతోషించాల్సిందీ చూశాను, చూడకుండా ఉండాల్సిందీ చూశాను. బిడ్డ అడ్డం తిరిగి ఉందట. ఆపరేషన్ పడొచ్చట. తలనొప్పి వచ్చినా, కళ్ళు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినా ఆ క్షణమే కాల్ చేయాలట. చెల్లి ఒక్కొక్కటీ తిరిగి అడిగింది. ఎంత తలనొప్పి, ఏ వైపు, ఎంతసేపు. డాక్టర్ విసుక్కోకుండా చెప్పింది. నేను పక్కనుంటే ఈ ప్రశ్నల్లో సగం అడగనిచ్చేదాన్ని కాదు.

బయటికి వచ్చాక లైన్ ఎలా బాగుపడింది అని అడిగింది. టెక్నికల్‌గా ఏదో సర్దారు అన్నాను. తేలు కుట్టిన దొంగలా టీ కలపడానికి వెళ్ళిపోయాను.

మార్చి 16, ఆదివారం

చెల్లి ఇల్లు టెలిఫోన్ బూత్ అయిపోయింది.

సాయంత్రం వెళ్తే గుమ్మం నిండా చెప్పులు. లోపల టైలరమ్మ, మరిది ప్రెస్సు స్నేహితులు, ఇంకో ముసలాయన. అందరూ వినపడని వాళ్ళే. ఎవరి ఇంట్లోనూ సాయంత్రం కాల్ నడవడం లేదట. చెల్లి ఇంట్లో ఒక్కచోటే నడుస్తోందని తెలిసి క్యూ కట్టారు. టైలరమ్మ కూతురి టీచర్‌తో మాట్లాడుకుంది. ముసలాయన బ్యాంకు వాళ్ళని తిట్టుకున్నాడు, కిటికీ ఆవిడ తిట్లని మర్యాదగా మార్చి చెప్పిందని ఆవిడనీ తిట్టాడు. గదిలో చప్పుడు లేదు. అరుపులు మాత్రం బోలెడు.

అందరూ వెళ్ళాక చెల్లి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. మా వీధి అంతటికీ మీ కంపెనీ లైనే కదా, నాదొక్కటే ఎందుకు బాగుంది అంది. అబద్ధం చేతులతో చెప్పడం చాలా కష్టం. మొహం కూడా కలిసి రావాలి. చెప్పేశాను.

అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. బంతిలో అందరికీ ఖాళీ విస్తరి వేసి నాకొక్కదానికి వడ్డించావా అంది. తియ్యమంది. నీ బీపీ, నీ బిడ్డ, ఆ తర్వాతే ఊరి సంగతి అన్నాను. నువ్వు మళ్ళీ నా తరఫున జవాబు చెప్తున్నావు అంది. నేను ఇంకేదో చెప్పబోతే కళ్ళు మూసుకుంది. గట్టిగా. వాళ్ళలో అది మొహం మీద తలుపు వేయడం. కళ్ళు మూసిన మనిషికి ఏం చెప్తావు, ఎలా చెప్తావు.

చెప్పులు వేసుకుని వచ్చేశాను.

మార్చి 17, సోమవారం

మెసేజ్ పంపింది. తియ్యి. ఇరవై ఏడున విచారణలో నేను మాట్లాడుతున్నా. పేరు ఇచ్చేశా.

మార్చి 18, మంగళవారం

తియ్యలేదు.

మార్చి 19, బుధవారం

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే కాబోలు.

మీటింగ్ రూమ్‌కి పిలిచారు. మేనేజర్, కంపెనీ లాయర్. విచారణలో లైవ్ డెమో పెడతారట. మా ఆఫీసు నుంచి విచారణ హాల్‌కి, ఇతరముల దారిలోనే, రద్దీ లోడ్ పెట్టి మరీ వీడియో కాల్. సభ్యులు వాళ్ళ చెవులతో వాళ్ళే వింటారు. ఈ చివర తెర మీద కూర్చుని మాట్లాడేది నేను. ఎందుకంటే నా గొంతు స్పష్టంగా ఉంటుందట. పదేళ్ళుగా హలో హలో అన్నందుకు దక్కిన బిరుదు.

చదవాల్సింది లాయర్ రాసి ఇచ్చాడు. చిన్న పేరా. ‘నేను ఈ నెట్‌వర్క్‌లో పని చేసే ఇంజినీర్‌ని. ఇప్పుడు మీరు చూస్తున్నది మామూలు లైన్. ఎవరు ఏ సర్వీస్ వాడినా మా లైన్ మీద ఎవరి మాటా తెగదు. ఎవరూ వెనకబడరు.’

లాయర్ హుషారుగా ఉన్నాడు. ఆ ఫిర్యాదుదారులకి ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే, అందుకే డెమో అన్నాడు. మేనేజర్ నా వైపు చూసి టేబుల్ కేసి చూశాడు. లాయర్‌కి మా ఇంటి సంగతి తెలీదు. నాకు ఒక కనుబొమ్మ లేచిందని నాకే తెలిసింది.

నా చెల్లెలు అక్కడ మాట్లాడుతోంది సార్ అని మేనేజర్‌కి తర్వాత చెప్పాను. తెలుసు, జాబితా చూశాను అన్నాడు. అందుకే నువ్వు తెర మీద ఉంటే మంచిది అన్నాడు. బెదిరింపులా అనలేదు. బతిమాలినట్టు అన్నాడు. అది ఇంకా భయం వేసింది.

మార్చి 20, గురువారం

అమ్మకి చెప్పాను. అడుసు తొక్కనేల కాలు కడగనేల, సెలవు పెట్టి ఇంట్లో పడుకో అంది. మళ్ళీ తనే, చిన్నది ఒక్కత్తే అంతమంది ముందు నిలబడుతుందా అంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది, దానికి ఆ నోరే ఇవ్వలేదు దేవుడు అని కళ్ళు తుడుచుకుంది. ఇచ్చాడమ్మా, మనమే చూడం అన్నాను. విసురుగా అన్నాను.

మార్చి 21, శుక్రవారం

మరిది మెసేజ్: మీ చెల్లి మూడు రోజుల నుంచి డాక్టర్ కాల్‌కి టైలరమ్మ ఇంటికి నడిచి వెళ్తోంది. అందరి లైన్ ఎలా ఉంటే నాదీ అలాగే అంటోంది. మీరైనా చెప్పండి.

టైలరమ్మది మేడ మీద గది. మెట్లు నిటారుగా ఉంటాయి.

మినహాయింపు తీసేశాను. తీశానని మెసేజ్ పెట్టాను. బొటనవేలు బొమ్మ ఒకటి పంపింది, అంతే. మొండిఘటం.

మార్చి 24, సోమవారం. సాయంత్రం 7

కొత్త నంబర్ నుంచి కాల్. ఆస్పత్రి నర్సు. మీ చెల్లెలికి మాటలు రావట, మీరొస్తారా అంది. ఎలా ఉందంటే ఫోన్లో చెప్పనంది. ఆటోలో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు ఎగురుతున్నాయి. ట్రాఫిక్ కదలడం లేదు. రద్దీ వేళ.

మార్చి 25, మంగళవారం

నిన్న ఆరింటికి తలనొప్పి మొదలైందట. కళ్ళు మసకబారాయట. వెంటనే కాల్ చేసింది. డాక్టర్ వచ్చింది, కిటికీ ఆవిడ వచ్చింది, బొమ్మ నిలిచిపోయింది. చేతులు గాల్లో ఉండగా. మళ్ళీ చేసింది, మళ్ళీ అంతే. అవతల డాక్టర్‌కీ చెల్లి చేతులు అందలేదు. హలో, హలో, వినిపిస్తోందా అని అడిగిందట డాక్టర్. వినిపిస్తే ఈ గొడవంతా ఎందుకు.

మరిది బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి వైఫై కూడా మాదే. అక్కడా నిలిచిపోయింది. నర్సు కాగితం మీద ఇంగ్లీషులో ఏవో రాసి చూపించింది. మసక కళ్ళతో ఏం చదువుతుంది.

నేను వెళ్ళేసరికి మంచం మీద ఉంది. మొహం ఉబ్బి ఉంది. నన్ను చూడగానే ఏడ్చింది. నేను వచ్చినందుకో, నేనే రావాల్సి వచ్చినందుకో తెలీదు. డ్యూటీ డాక్టర్ నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు. పేషెంట్ అక్కడ ఉంది సార్, ఆమె మొహం చూసి చెప్పండి, నేను పక్క నుంచి అందిస్తాను అన్నాను. చెల్లి అది చూసింది. ఒక్క ప్రశ్నకి కూడా నేను జవాబు చెప్పలేదు. బిడ్డ కదులుతోందా అని అడిగితే, నాకు తెలిసినా, చెల్లి చేతులు లేచేదాకా ఆగాను. ఆ ఆగడం ఎంత కష్టమో.

ఇంజెక్షన్లకి బీపీ దిగింది. బిడ్డ గుండె బాగానే ఉంది. ఇవాళ మధ్యాహ్నం పంపించేశారు, మంచం దిగొద్దని చెప్పి. ఎల్లుండి విచారణకి వెళ్తావా అని అడిగాను. వెళ్తా అంది. అక్కడ కూడా కుర్చీ ఉంటుంది కదా అంది.

నేను డెమోలో కూర్చుంటున్నానని అప్పుడు చెప్పాను. కళ్ళు మూసుకోలేదు. నీ ఉద్యోగం, నీ ఇష్టం అంది.

తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 26, బుధవారం

రిహార్సల్. లోడ్ పెట్టారు, లైన్ ఇరుకు చేశారు. పేరా చదివాను. అవతల హాల్ నుంచి లాయర్, అద్భుతం, పక్కన కూర్చుని మాట్లాడినట్టుంది అన్నాడు. బొమ్మ ఎలా ఉంది సార్ అని అడిగాను. బొమ్మతో మనకేం పని, మీరేం సినిమా హీరోయిన్నా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు తల్చుకుని అసహ్యం వేసింది.

మార్చి 27, గురువారం. ఉదయం 8

గొంతు బాగానే ఉంది. చేతి గాజులు తీసి పక్కన పెట్టాను.

మార్చి 27. సాయంత్రం 5

వరసగా రాస్తాను, లేకపోతే నాకే నమ్మకం కలగదు.

పదకొండున్నరకి కలిపారు. నా తెర మీద హాల్ కూడా ముక్కలు ముక్కలుగానే కనపడింది. పొడుగు బల్ల, ముగ్గురు సభ్యులు, మధ్యలో చైర్‌పర్సన్ తెల్ల జుట్టు. మనుషులు రంగు మరకల్లా ఉన్నారు. మాటలు మాత్రం బల్ల మీద గ్లాసు పెట్టిన చప్పుడుతో సహా వినపడ్డాయి. లాయర్ నన్ను పరిచయం చేశాడు. ఇది మామూలు లైన్, ఈవిడ మాట వినండి అన్నాడు. మేనేజర్ కెమెరాకి వెనకాల నిలబడి బొటనవేలు చూపించాడు.

పేరా కాగితం చేతిలో ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను. చేతులు ఖాళీగా కావాలి కాబట్టి.

చేతులతో మాట్లాడటం మొదలుపెట్టాను.

హాల్లో ముందు ఎవరికీ అర్థం కాలేదు. మ్యూట్ అయినట్టుంది అని ఎవరో అన్నారు. లాయర్ హలో హలో అన్నాడు. వినిపిస్తోందా మేడమ్ అన్నాడు. నాకు శుభ్రంగా వినిపిస్తోంది. ఆపలేదు. మేనేజర్ మొహం నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టు అయింది. ఈవిడకి ఒంట్లో బాగోలేదా అని చైర్‌పర్సన్ అడిగింది.

అప్పుడు ఒక గొంతు. కిటికీ ఆవిడ గొంతు. చెల్లి పక్కన కూర్చుని ఉందన్నమాట. చెల్లి తరఫున చెప్పింది: ఆవిడ మా అక్క. సైగలు చేస్తోంది. ఆవిడ మాట్లాడుతోంది.

ఏం మాట్లాడుతోందో మీరు చెప్పగలరా అని చైర్‌పర్సన్ అడిగింది.

నేను చేతులు ఆపలేదు. చివరిదాకా చెప్పి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. చెల్లి పెద్ద తెర కేసి చూస్తోందని తెలుసు. నాకు కనపడదు, కానీ తెలుసు.

తర్వాత కిటికీ ఆవిడ గొంతు, నెమ్మదిగా: తెలీదండీ. నేను పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న చేతులు అవి. నేను మొదట నేర్చుకున్న మాట ఆ చేతుల్లోంచే నేర్చుకున్నాను. ఇప్పుడు ఏమంటోందో నాకు ఒక్క ముక్క తెలియడం లేదు. మొన్న సోమవారం నా డాక్టర్ కూడా ఇలాగే కనపడింది. నా బిడ్డ బతికి ఉందో లేదో అడగడానికి కాల్ చేశాను. మీకందరికీ డాక్టర్ గొంతు బాగా వినపడి ఉండేది.

చెల్లి మాటలు నా గొంతులో కాకుండా ఇంకొకరి గొంతులో, అంతమంది ముందు వినడం నాకు ఇదే మొదలు. ఎంత బాగా మాట్లాడుతుందో తెలీలేదు ఇన్నాళ్ళూ. నేనెప్పుడూ ఇంత బాగా చెప్పలేదు దాని మాటలు.

ఎవరో వైరు లాగేశారు. మా గదిలో కాదు, హాల్లో. మేనేజర్ కుర్చీలో కూలబడ్డాడు. ఏమన్నావమ్మా అసలు అన్నాడు. చెప్పలేదు. ఇక్కడ కూడా రాయను. ముందు చెల్లికి, ఎదురుగా కూర్చుని చెప్పాలి.

మార్చి 28, శుక్రవారం

సస్పెన్షన్. మెమో కూడా: విచారణలో, ఇచ్చిన పేరా చెప్పకుండా, అనధికార సందేశం ఇచ్చినందుకు సంజాయిషీ ఇవ్వాలి. ఆ సందేశం ఏమిటో వివరించాలి.

తీర్పు ఇంకా రాలేదు. వచ్చేదాకా ట్రయల్ ఆపమంది కమిషన్. అంతే. గెలుపు కాదు, వాయిదా.

మార్చి 31, సోమవారం

మేనేజర్ ఫోన్ చేశాడు. సాయంత్రం గ్రాఫ్ మళ్ళీ కోతి అయిందట. జనం కస్టమర్ కేర్‌ని దులిపేస్తున్నారట, సినిమా రాదు, చక్రం తిరుగుతూనే ఉంది అని. నీ వల్ల కొందరికి మేలైంది, వేలమందికి విసుగైంది, రెండూ నిజమే కదా అన్నాడు. నిజమే సార్ అన్నాను. కేబుల్ వెయ్యండి, విసుగు అందరికీ సమానంగా పంచండి, ఒక్కళ్ళ నోరు మాత్రం నొక్కకండి అన్నాను.

అసలు విషయం తర్వాత వచ్చింది. లాయర్ ఆ డెమో రికార్డింగ్ పట్టుకుని సైగలు తెలిసిన వాళ్ళ దగ్గరికి తిరుగుతున్నాడట. నేను కంపెనీ రహస్యాలు చెప్పానని వాళ్ళ భయం. ఎవరూ చదవలేకపోతున్నారట, బొమ్మ అంత దారుణంగా ఉందట. నిజం చెప్పు, తిట్టావా అన్నాడు. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను.

ఏప్రిల్ 4, శుక్రవారం. మధ్యాహ్నం

ఆస్పత్రి వరండా. పొద్దున మళ్ళీ బీపీ లేచింది. ఇవాళే ఆపరేషన్ అన్నారు.

లోపలికి రానా అని అడిగాను. వద్దంది. బయట కూర్చో అంది. నా చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వదిలేసింది. మరిది లోపల ఉన్నాడు. అమ్మ పక్కన కూర్చుని నా మోకాలు పట్టుకుంది, అది నా మోకాలని తనకి తెలీదు అనుకుంటా.

తలుపుకి చిన్న గాజు పలక ఉంది. అందులోంచి స్టాండుకి కట్టిన ఫోన్ కనపడుతోంది. అందులో కిటికీ ఆవిడ. చేతులు నీళ్ళు పారినట్టు కదులుతున్నాయి. మత్తు డాక్టర్ చెల్లి మొహం కేసి చూసి మాట్లాడుతున్నాడు. చెల్లి ఏదో అడిగింది. అతను ఆగి, ఆలోచించి, జవాబు చెప్పాడు. చెల్లి మళ్ళీ అడిగింది.

ఏం అడిగిందో నాకు తెలీదు. వీపు ఇటు ఉంది. కంగారుతో ప్రాణం పోతోంది. లేచి గాజు దగ్గరికి వెళ్ళబోయి, వెనక్కొచ్చి కూర్చున్నాను.

ఏప్రిల్ 4. సాయంత్రం

పాప. ఇద్దరూ క్షేమం. అమ్మ నర్సుని కూడా ముద్దు పెట్టుకుంది.

ఏప్రిల్ 6, ఆదివారం

చెల్లి అడిగింది, ఆ రోజు తెర మీద ఏమన్నావు అని. మంచానికి ఎదురుగా కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా చేసి చూపించాను. కుట్లు పట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, ఇంకోసారి చెప్పమంది.

మెమోకి సంజాయిషీ రాసేశాను. ఇచ్చిన పేరానే చెప్పాను. ఒక్క ముక్క కూడా మార్చలేదు.